అక్క పేపరు పంపిన చోట్లు

యూనివర్సిటీ ఖగోళశాస్త్ర విభాగంలో మా గదిలో రెండు బల్లలు. కిటికీ పక్కది అక్కది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద కాబట్టి ఎదుట అక్కా అనేవాణ్ణి, వెనకాల అందరితో పాటు నేనూ నత్త అనేవాణ్ణి. ఒక్కో లెక్కను నాలుగుసార్లు సరిచూసుకునేది మరి. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో అంతవరకూ ఎవరూ వాడని పద్ధతిలో కొలవడానికి ఆమెకు ఐదేళ్లు పట్టింది.

కొలిచింది. ఇక అచ్చు కావాలి. ఆమె కాంట్రాక్టు ఇంకో పద్నాలుగు నెలలే. ఈలోగా ఆ కొలత మీద రాసిన పేపరు ఏదైనా పరిశోధన పత్రికలో అచ్చయితే ఉద్యోగం పర్మనెంటు, కాకపోతే ఇంటికి.

మా రంగంలో పేపరు రాయగానే అందరూ చూసేలా నెట్‌లో పెట్టేస్తారు, పత్రిక సంగతి తర్వాత. ముందు పెట్టినవాళ్లదే ఫలితం. మేం రాసే ప్రతి పేపరు మీదా తన పేరూ ఉండే మా ప్రొఫెసర్‌కు అది గిట్టదు. అచ్చు కాకుండా బయటపెడితే ఎవరో ఎత్తుకుపోతారని ఆయన అనుమానం. మూడు నెలల్లో తేల్చే మామూలు పత్రికకు పంపుతానని అక్క నా ఎదుటే ఆయన్ని అడిగింది. ఆయన నవ్వాడు.

"నా పేరున్న పేపరు అలాంటి చోటికా? పైనుంచి మొదలుపెట్టమ్మా. కాదంటే అప్పుడు దిగుదాం."

దిగింది. ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు కదా. మొదటివాళ్లు ఐదు నెలలు నాన్చి తమ పాఠకులకు పనికిరాదన్నారు. రెండోవాళ్లు ఆరు నెలలు నాన్చి అదే మాటన్నారు. ఆమె నిమిషానికోసారి మెయిలు చూసుకునే తీరును నేను క్యాంటీన్‌లో చేసి చూపిస్తే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఓసారి ఆమె కూడా చూసి నవ్వింది.

పన్నెండో నెలలో ఎవరో అదే పద్ధతి, అదే ఫలితం నెట్‌లో పెట్టారు. పిలిచి మరీ చూపించింది నేనే. ఆమె చివరిదాకా చదివి, వాళ్ల మూడో పట్టికలో చిన్న తప్పుందని మెల్లగా చెప్పింది. ఇది తెలిసిన విషయమేనంటూ మూడో పత్రికవాళ్లు వారంలోనే తిప్పి పంపారు.

అక్కను ఉంచాలో పంపాలో తేల్చే కమిటీ కూర్చున్న రోజున మాటలు రాసుకునే పని నాకప్పగించారు.

"తెలివైందేనండీ," అన్నాడు ప్రొఫెసర్. "ఎంతసేపూ పెద్ద పత్రికలే కావాలంటుంది. చిన్నదాంట్లో వేసుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వినలేదు."

ఏమైనా చెప్పుకుంటారా అని ఛైర్మన్ అడిగాడు. అక్క నావైపు చూసింది. పైనుంచి మొదలుపెట్టమని ప్రొఫెసర్ ఆ రోజు అన్న మాట విన్నది మేమిద్దరమే. నాకు సిగ్గేసింది, సిగ్గుకన్నా భయం ఎక్కువేసింది. నా కాంట్రాక్టు వచ్చే ఏడాది పొడిగించాల్సింది ఆయనే. తల వంచుకుని, ఆయన అన్నదంతా ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాను.