బస్సులో చుట్టిన దారం

చార్మినార్ నుంచి వస్తున్న బస్సులో కూర్చుని రెండు మీటర్ల దారాన్ని అగ్గిపెట్టెలో కుక్కుతున్నాను. టీచరుగా ఆ రోజే నా మొదటి క్లాసు. కంటికి కనబడని కణంలో అంత పొడుగు డీఎన్ఏ ఎలా ఇముడుతుందో పిల్లలకు చూపించాలి. దారమేమో చిక్కుపడి కూర్చుంది.

పక్క సీటు పెద్దాయన నవ్వాడు. "ఏంది బేటా, పతంగి మాంజాను గిట్ల కుక్కుతరా? చుట్టాలె!" అంటూ చిక్కు తీసి, బొటనవేలికీ చిటికెనవేలికీ చకచకా చుట్టి ఇచ్చాడు. కొస లాగితే సాఫీగా వచ్చింది.

డీఎన్ఏ కూడా ఇంతేనని, అవసరమైన చోట విప్పుకునేలా చుట్టుకుని మన ఒంట్లోని కణాల్లో ఉంటుందని చెప్పాను.

ఆయన మురిసిపోయాడు. "అంటే నా లోపలంత మాంజానే! అందుకే ఈ వయసుల గూడ పతంగి ఎగరేస్తుంటే డాబా మీదికెల్లి నన్ను ఎవ్వరు దించలేకపోతున్నరు!"

నయాపూల్‌లో దిగిపోయాడు.

ఇప్పటికీ ఆ పాఠం రోజు పిల్లల వేళ్లకు దారం చుట్టిస్తాను. వాళ్ల చూపులు కిటికీలోంచి పైకి, ఎగిరే గాలిపటాల మీదికి పోతే మందలించను.