ఎనిమిది ఇళ్ళ నేల

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో నా ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. కొన్న కొత్తలో మెట్లు నాకొక లెక్కే కాదు. రెండు చేతుల్లో కూరగాయల సంచులతో ఎక్కడా ఆగకుండా ఎక్కేసేదాన్ని. యాభై దాటాక కీళ్ళవాతం పట్టుకుంది. స్కూల్లో రోజంతా నిలబడి లెక్కలు చెప్పి ఇంటికొచ్చి, కింద నుంచి ఆ మెట్లవంక చూస్తే ఏడుపొచ్చేది. డాక్టరు మెట్లు మానెయ్యమన్నారు. మానేసి ఎగిరి వెళ్ళాలి కాబోలు.

రాజమండ్రి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు.

“ఆ ఫ్లాట్ అమ్మేసి వచ్చెయ్యవే. ఇక్కడ లిఫ్టున్నది చూస్తాను.”

“నేను రాను అన్నయ్యా. లిఫ్టే ఇక్కడికొస్తుంది.”

నా జీతంతో, నా పేరున కొనుక్కున్న ఇల్లు అది. మోకాళ్ళకి భయపడి వదులుకోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

మా బ్లాకులో ఎనిమిది ఇళ్ళు. లిఫ్ట్ పెట్టాలంటే అందరూ ఒప్పుకోవాలని మా సంఘం నిబంధన. పై అంతస్తుల వాళ్ళు వెంటనే సరేనన్నారు. కింద ఉన్న రెండిళ్ళలో ఒకరిని బతిమాలి ఒప్పించాను. కింద ఉండే తనకి లిఫ్టెందుకని అడ్డం తిరిగింది రెండో ఇంటి అంకుల్. రిటైరైన ఆఫీసరు. ఇంటి ముందున్న నేల చుట్టూ కంచె వేయించి, లోపల పచ్చిక పెంచి, ఉయ్యాల పెట్టుకున్నారు. చలికాలం ఎండలో అక్కడ కూర్చుని కమలాపళ్ళు ఒలుచుకుంటూ, వచ్చేపోయేవాళ్ళని తన ఇంటికొచ్చిన చుట్టాల్లా పలకరించేవారు.

నేనూ రూల్సన్నీ తెచ్చుకుని చదివాను. నా ఫ్లాట్ నాలుగు గోడల లోపలి వరకే నాది. మెట్లు, డాబా, చుట్టూ ఉన్న నేల అందరికీ ఉమ్మడి. అందులో ప్రతి ఇంటికీ వాటా ఉంటుంది గానీ, గీత గీసి ఇదిగో ఇది నాది అని చూపించడానికి వీల్లేదు. ఆ సంగతి నాకెంత నచ్చిందంటే, స్కూల్లో భిన్నాలు చెప్పేటప్పుడు కూడా పిల్లలకి అదే ఉదాహరణ ఇచ్చాను.

ఆదివారం మెట్ల దగ్గర కుర్చీలు వేసుకుని అందరం కూర్చున్నాం. నేను చదివినదంతా చెప్పాను. కంచె వేసుకోవడం తప్పని కూడా చెప్పాను. అంకుల్ తాపీగా విన్నారు.

“అచ్ఛా. మరి వెనకాల ఆ కరివేపాకు చెట్టు ఎవరిది మేడమ్?”

ఆ చెట్టు నేను నాటిందే. రాజమండ్రి నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మొక్క. ఢిల్లీ చలికి మాడిపోయి మళ్ళీ చిగిర్చింది. ఆవులు మేయకుండా చుట్టూ ఇనుప వల కట్టి, చిన్న తలుపు పెట్టి, తాళం వేశాను. చుట్టుపక్కల తెలుగువాళ్ళు పులిహోర చెయ్యాలంటే ముందు నాకు ఫోన్ చేసి, తాళంచెవి తీసుకెళ్ళేవారు.

“అందరిదీ,” అన్నాను.

“అయితే తాళంచెవి నా దగ్గర లేదేమిటి?”

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మండినా, ఆయన అడిగింది న్యాయమే.

పైగా కొలతలకి వచ్చిన ఇంజనీరు, వెనక మెట్ల గోడని ఆనుకునే లిఫ్ట్ పెట్టాలని, ఇంకెక్కడా కుదరదని తేల్చేశాడు. సరిగ్గా నా చెట్టున్న చోటే.

“చెట్టు తీస్తే మీరు కంచె తీసి సంతకం పెడతారా అంకుల్?”

“ముందు మీరు తియ్యండి, దేఖేంగే, తరవాత సంగతి చూద్దాం.”

నేను తియ్యలేననుకున్నారు. మర్నాడే తోటమాలిని పిలిచాను. తెలిసిన తెలుగువాళ్ళందరికీ కబురు పెడితే, సంచులు తెచ్చుకుని కావలసినంత కోసుకున్నారు. మిగిలిన ఆకు ఎనిమిది ఇళ్ళకీ సమంగా పంచాను. అంకుల్ వాటా ఆయన ఉయ్యాల మీద పెట్టి వచ్చాను. వల నా చేత్తోనే విప్పాను. గొడ్డలి పడుతుంటే ఆ వాసన బ్లాకంతా కమ్ముకుంది. కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటివాళ్ళని పోగొట్టుకున్నంత బాధ వేసింది.

వారం తిరక్కుండా అంకుల్ కంచె పీకించారు. ఉయ్యాల మాత్రం ఉంచారు, ఎవరైనా ఊగచ్చన్నారు.

“ఆప్ బహుత్ జిద్దీ హై,” అంటూ సంతకం పెట్టారు. నన్ను మొండిదాన్ననడం తిట్టో మెప్పో నేను అడగలేదు.

లిఫ్ట్ వచ్చాక మొదటి చలికాలం అది. స్కూలు నుంచి వస్తుంటే, అంకుల్ భార్య ఉయ్యాల మీద నుంచి పిలిచారు.

“కరివేపాకు లేక మా మజ్జిగ కఢీకి రుచే లేకుండా పోయింది. చలి తగ్గాక మా లాన్‌లో ఒక మొక్క నాటెయ్.”

“మీ లాన్ కాదు దీదీ, మనది. ఎనిమిదిళ్ళూ ఒప్పుకుంటేనే నాటుతాను.”

ఆవిడ నవ్వి, లోపల ఉన్న భర్తని కాగితం, పెన్నూ తెమ్మని కేకేశారు. మొదటి సంతకం అంకులే పెట్టారు. మిగతా ఇళ్ళకి వెళ్ళడానికి, చెట్టున్న చోట నిలబడి లిఫ్ట్ బటన్ నొక్కాను.