కిలోనా, గ్రామా?

వెయ్యి మెగావాట్ల వేడినిచ్చే అణు రియాక్టరు ఒక రోజంతా ఆగకుండా నడిస్తే ఎంత యురేనియం ఖర్చవుతుంది? పాడేరులో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా ఫిజిక్స్ సారు బోర్డు మీద వేసిన లెక్క ఇది. క్లాసులో అందరికీ కిలో పైచిలుకు వచ్చింది. నాకు నిండా ఒక గ్రాము కూడా రాలేదు.

"గ్రాముతో పట్నమంతా దీపాలెట్టేత్తన్నావేటమ్మా?" అన్నారు సారు. ఆయనది విజయనగరం వైపు పల్లె. బోర్డు మీద పుస్తకం భాష, నోట్లో ఊరి భాష.

క్లాసంతా నవ్వింది. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా నవ్వితే చాలు, నా తప్పు కూడా నాకు ఒప్పులాగే కనిపిస్తుంది. లేచి నిలబడి, నా లెక్కలో తప్పెక్కడుందో చూపించమన్నాను.

సారు వచ్చి చూశారు. రోజంతా వచ్చిన వేడిని కాంతి వేగం వర్గంతో భాగించాను. శక్తిగా మారిన పదార్థం ఎంతో తేలింది. ఆయన దారి వేరు. ఒక్కో కేంద్రకం విరిగితే ఎంత శక్తి వస్తుంది, అంత వేడి కావాలంటే ఎన్ని విరగాలి, అన్నిటి బరువెంత అని లెక్క కట్టారు. ఆయన నా లెక్క పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి, సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే తల గోక్కున్నారు.

"తప్పు నేదమ్మా."

"మరి మీది, సార్?"

"నాదీ తప్పు నేదు."

ఇదేం న్యాయం? ఒకే రియాక్టరు, ఒకే రోజు, జవాబుల మధ్య వెయ్యి రెట్ల తేడా, రెండూ ఒప్పేనట! క్లాసయ్యాక సారు మళ్ళీ విడమరిచి చెప్పారు. కిలో యురేనియం విరుగుతుంది. ఆ ముక్కలన్నీ ఏరి తూస్తే మాత్రం ఒక గ్రాము దాకా తగ్గుతుంది. తగ్గిందే వేడి. కానీ విరిగిన ముక్క మళ్ళీ పనికిరాదు కాబట్టి కిలో అంతా ఖర్చు కిందే రాయాలి. ఆయన చెప్తున్నంతసేపూ అర్థమైంది. ఆయన వెళ్ళిపోగానే అర్థం కూడా వెళ్ళిపోయింది.

ఇంకెప్పుడైనా అయితే వదిలేసేదాన్నే. కానీ విశాఖలో ఎంట్రన్స్ కోచింగుకి మా కాలేజీ నుంచి ఒక్కరినే ఇంటర్వ్యూ చేసి తీసుకుంటామన్నారు. అణుశక్తి పాఠంలోంచి ప్రశ్న రాక తప్పదని సారు పట్టుబట్టి చెప్పారు. మా నాన్న కూడా ముందే తేల్చేశాడు, సీటొస్తే వెళ్ళు, రాకపోతే కాఫీ కోతకి వచ్చెయ్ అని. మా పెద్దమ్మ కూతురు అలాగే ఒక ఏడు కోతకని వెళ్ళింది. ఆమె పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. నాకు ఆ అటకంటే భయం.

ఇంటర్వ్యూకి ముందు సెలవు దొరికితే అనంతగిరి దగ్గర మా ఊరు వెళ్ళాను. నాన్న వాకిట్లో కూర్చుని, విత్తనానికి దాచే రాజ్మా గింజలకి పొయ్యి బూడిద పట్టిస్తున్నాడు. పురుగు పట్టకుండా. నేనూ చేయి కలిపాను. అప్పుడు తట్టింది నా తిప్పలు ఎక్కడివో. మా ఇంట్లో బూడిదని పోయినదాని కింద ఎవరూ లెక్కెయ్యరు. పోడు సాగుకని అడవి కొట్టి కాల్చాక కొండవాలు మీద మిగిలిన బూడిదలోనే చోళ్ళు, అంటే రాగులు, చల్లుతారు. పొగై పైకి పోయిందే మాకు పోయినట్టు. రియాక్టరుని కూడా నేను మా పొయ్యిలాగే లెక్క కట్టేశాను.

నాన్నకి చెప్పాను. "కిలో విరుగుతుంది నాన్నా. ముక్కలన్నీ ఏరి తూస్తే గ్రాము తక్కువ కిలో ఉంటుంది."

"అయితే పోయింది గ్రామే గదా!"

"మా సారు కిలో అంటున్నారు."

"మీ సారు ఇంట్లో బూడిద పారబోత్తారేటి?"

సారుకి గ్యాస్ పొయ్యి ఉందన్నాను. నాన్న పాపం అన్నట్టు తలాడించాడు. ఆయన నా పక్షం చేరడంతో నాకు ధైర్యం రావాలి కదా, ఉన్నది కాస్తా పోయింది. మా నాన్న మాట తప్పు కావడం నేనెన్నడూ చూడలేదు, ఆయన పరీక్ష పాసవడం కూడా చూడలేదు.

"కానీ ఆ బూడిద ముట్టుకోకూడదు నాన్నా. దగ్గరికి వెళ్తే మనిషి చచ్చిపోతాడు. నీళ్ళలో ముంచి, మందపాటి గోడల మధ్య పెట్టి కాపలా కాస్తారు. మన మునిమనవలు పోయాక కూడా కాయాలట."

నాన్న చేతిలో గింజలు ఆగాయి. "ముట్టుకోకూడని బూడిదైతే మరి కిలో పోయినట్టేగదేటి," అన్నాడు. మళ్ళీ బూడిద కలుపుతూ, "కాపలాకి మనిసిని కూడా పెట్టాల. కిలో కంటే ఎక్కువే పోయింది," అన్నాడు.

ఉన్న ఒక్క సాక్షీ అవతలి పక్షానికి దూకాడు. పైగా మూడో జవాబు ఒకటి నా నెత్తిన పెట్టాడు. కోపంతో గింజల చేట అక్కడే వదిలేసి లోపలికి పోయాను.

ఇంటర్వ్యూ పాడేరులోనే జరిగింది. విశాఖ నుంచి వచ్చిన మేడమ్ అచ్చంగా ఆ లెక్కే అడిగారు. సారు నేర్పినట్టు "కిలో" అన్నాను.

"ఖచ్చితంగానా?" అన్నారామె.

"గ్రాము," అన్నాను. నోరు నాదేగానీ మాట ఎవరిదో. "కిలో కంటే ఎక్కువేమో," అని కూడా అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంతకీ ఎంతమ్మా?"

"విరిగేది కిలో మేడమ్, వేడయ్యేది గ్రాము. మిగిలిన ముక్కల్ని దాచి కాపలా కాయడానికి ఎంతవుతుందో లెక్క కట్టడం నాకు రాదు."

ఆమె ఏదో రాసుకున్నారు. తల ఎత్తకుండానే తర్వాతివాళ్ళని పంపమన్నారు.

బయట సారు ఎదురుచూస్తున్నారు. జరిగింది విని నెత్తి కొట్టుకున్నారు. "కిలో అనేసి బేగి బయటికి వచ్చీమన్నాను గదమ్మా! మూడు జవాబులు ఎవులు సెప్పమన్నారు నిన్ను?"

సీటు నాకే వచ్చిందని తర్వాత ఎప్పుడో సారుకి ఫోనొచ్చింది. మూడింట్లో ఏ జవాబుకి ఇచ్చారో మేడమ్‌ని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఆ సాయంత్రం మాత్రం అంతా పోయిందనే అనుకున్నాను. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న జీపుల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే ఏడుపొచ్చింది.

"పోయింది నాన్నా. రేపటి నుంచి కోతకి వచ్చేస్తాను."

"కోతకి నీ బదులు మనిసిని పెట్టీసినాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న నువ్వు సేట వొదిలీసి లోపలికి ఎల్లిపోనావు సూడు, ఆ మర్నాడే."

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నొక్క మాట అడక్కుండా నా చోటు ఇంకొకరికి ఎలా ఇచ్చేస్తాడు? "మరి సీటు రాకపోతే నేనెక్కడికి రావాలి?" అని జీపులో జనం తిరిగి చూసేంత గట్టిగా అడిగాను.

"ఇంటికి రా. తిను, పడుకో, మళ్ళీ పరీచ్చ రాసుకో. కోతలో మాత్రం నీకు సోటు నేదు," అని నా సంచి అందుకుని జీపెక్కాడు.