దలాలు తయారుచేసిన లీడరు

మాన్విలో ఒక పత్తి దలాలు ఉండేవాడు. ఎవరితో మాట్లాడినా, సంతలో ఎద్దును నిమిరినట్టు వాళ్ల భుజం నిమురుతూ మాట్లాడేవాడు.

ఆ ఎన్నికల్లో, కాలువ చివరి పొలాలకు నీళ్లు రావాలని కొట్లాడే మనిషి ఒకాయన ఒక షావుకారు మీద పోటీకి నిలబడ్డాడు. మా కూలివాడ ఓట్లన్నీ ఆయనకే. అది తెలిసి దలాలు మా మేనమామ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ జనానికి నువ్వే లీడర్ గావాలె అన్నా. ఇంకొకనికి ఓటెందుకు?"

మామ మురిసిపోయాడు. నామినేషన్ కాగితం నేనే నింపాను. జీపు దలాలు పంపాడు. మా ఓట్లు రెండుగా చీలి నీళ్ల మనిషి ఓడిపోయాడు. దలాలుకు కావలసిన షావుకారు గెలిచాడు.

గెలుపు ఊరేగింపు మా వాడకొచ్చినప్పుడు దలాలు జీపు దిగి మామ మెడలో పూలదండ వేశాడు.

"షుక్రియా అన్నా! నువ్వు నిలబడకుంటె మా షావుకారు గెలుస్తుండెనా?"

మామ ముఖం నల్లబడింది. "అంటే నన్ను గెలిపియ్యనీకి నిలబెట్టలేదా?"

దలాలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏందన్నా, గెలుస్తననుకున్నవా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు.