సిరా మరక తీసిన రేకు

మొన్న ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల వరస చివర, తుప్పు పట్టిన పనిముట్లు పరుచుకుని కూర్చున్న పెద్దాయన అరచేతంత ఉక్కు రేకు నా చేతికిచ్చి "ఏందమ్మా గిది?" అని నన్నే అడిగాడు. అమ్మేవాడికి తెలియనిది నాకు తెలిసినందుకు ముందు గర్వపడ్డాను. ఆ వెంటనే మనసు చివుక్కుమంది.

పెళ్ళయిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇంటావిడ భర్త పోయి ఏడాది. మాకు సామాను లేదని ఆయన రాసుకునే టేకు బల్ల వాడుకోమని ఇచ్చింది. రోజూ సాయంత్రం వచ్చి దాని మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు కూర్చునేది. దుమ్ము చూస్తోందనుకుని నేను మధ్యాహ్నమే తుడిచి పెట్టేదాన్ని. ఒకరోజు ఆవిడ ఉస్మాన్‌గంజ్‌లో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఆ బల్ల మీద వేడి పప్పుగిన్నె దించాను. తెల్లగా చక్రం పడింది. ఇల్లు ఖాళీ చేయమంటుందని భయం వేసింది. మా ఆయన వీధి చివరి వడ్రంగిని పిలుచుకొచ్చారు.

వడ్రంగి చెక్క గీకడానికి సంచిలోంచి అలాంటి ఉక్కు రేకే తీశాడు. దాని అంచుని ఆకురాయితో సాపు చేసి, సానరాయి మీద నున్నగా రుద్ది, చివరికి ఒక ఉక్కు కడ్డీతో ఆ అంచునే గట్టిగా నొక్కుతూ రుద్దాడు. నేను ఊరుకునే రకం కాదు. "పెట్టిన పదును పాడుచేస్తున్నారేంటండీ?" అన్నాను.

"పాడు కాదమ్మా, అంచు జర వంగాలె. వేలు పెట్టి చూడున్రి. పొడి వస్తే పదును లేనట్టు, పొట్టు రావాలె."

కంటికి కనపడని సన్నటి కొక్కెం వేలికి తగిలింది. ఆయన రెండు బొటనవేళ్ళతో రేకును కొంచెం వంచి బల్ల మీద తోస్తుంటే ఉల్లిపొరలాంటి పొట్టు లేచింది. చక్రం పోయింది. వడ్రంగి చాయ్ తాగుతుంటే, నేనూ చేస్తానని రేకు అందుకున్నాను. వేళ్ళు చుర్రుమంటున్నా ఆపబుద్ధి కాలేదు. పక్కనే పాత సిరా మరక ఒకటి ఉంటే, పనిలో పనిగా అదీ తీసేశాను. ఆయన నూనె రాసి వెళ్ళాక పొట్టంతా వేసి కుంపటి అంటించాను.

సాయంత్రం ఇంటావిడ వచ్చి బల్ల మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ తడిమింది. "గీడ సిరా మరక ఉండె గద బిడ్డా?"

మెచ్చుకుంటుందనుకుని "నేనే తీశానండీ" అన్నాను.

"మా ఆయన ఆఖరు దినాలల్ల ఉత్తరం రాస్తుంటే చెయ్యి వణికి పడ్డది. గాడ చెయ్యి పెడితే ఆయన ఉన్నట్టే ఉంటుండె." ఆ చోటే వేలితో తడుముతూ, "పొట్టన్నా ఉన్నదా?" అంది.

కుంపటి వైపు చూశాను.

ఖాళీ చేయమనలేదు. మర్నాడూ వచ్చి సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి కూర్చుంది. అలా మేమున్న ఆరేళ్ళూ.

అబిడ్స్‌లో ఆ రేకు కొనకుండా వచ్చేశాను. ఒక మనిషి రాసుకుంటూ గడిపిన ఏళ్ళలో ఆ బల్ల మీద మిగిలింది ఆ మరక ఒక్కటే. దాన్ని గీకేయడానికి నాకు పట్టింది ఒక మనిషి చాయ్ తాగేంత సేపు.