కుడిచేతి కొలత

1963 మే నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, నేను మా చెల్లెలి చేతి కొలత తీసుకున్నాను. మణికట్టు మడత నుంచి నడిమివేలి కొస దాకా ఆరున్నర అంగుళాలు. వేళ్ళు పూర్తిగా చాపితే బొటనవేలి నుంచి చిటికెనవేలికి ఏడుంపావు. రెండుసార్లు కొలిచి రాసుకున్నాను. అంకెల్లో తప్పు లేదు. తప్పు వేరేచోట జరిగింది.

అప్పుడు మేము రాప్తాడులో ఉండేవాళ్ళం. అమ్మా నాయనా వేరుశనగ చేలల్లో కూలికి పోయేవారు. నాకు ఇరవై ఆరేళ్ళు, అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరుని. చెల్లెలు నాకన్నా ఆరేళ్ళు చిన్నది. తనూ టీచరు ట్రైనింగు ముగించుకొని వచ్చింది. వజ్రకరూరుకు అవతల ఒక పల్లె బడిలో ఉద్యోగం ఇచ్చారు. జూన్ పదిహేడో తేదీ సోమవారం చేరాలి.

మా చర్చిలో హార్మోనియం వాయించేది ఆమె. పన్నెండో ఏట మొదలుపెట్టింది, అప్పటికి ఎనిమిదేళ్ళయింది. ట్రైనింగుకు పోయిన రెండేళ్ళలోనూ సెలవులకు వస్తే ఆ పెట్టె ముందే కూర్చునేది. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు అందరం సంతోషపడ్డాం. ఆమె కాగితం మడిచి బట్టల ట్రంకులో పెడుతూ ఒక్క మాట అన్నది.

"ఆ పల్లెలో చర్చీ లేదు, హార్మోనియమూ లేదంట అక్కా. ఇంగ నా సంగీతం ఈడికి సరి."

ఏడుస్తూ అనలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు నిద్ర పట్టలేదు. హార్మోనియం కొనే శక్తి మాకు లేదు, కొన్నా బస్సు దిగిన తర్వాత మూడు మైళ్ళు దాన్ని మోసుకొని నడవాలి. ట్రైనింగు హాస్టల్లో బెంగుళూరు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె గిటారు వాయించేదని చెల్లెలు నాకు రెండు ఉత్తరాల్లో రాసింది. "భుజానికి తగిలించుకొని యాడికన్నా పోవచ్చు" అని రాసింది. ఆ రెండు ఉత్తరాలూ తీసి మళ్ళీ చదివాను. గిటారే కొనాలని నిశ్చయించుకున్నాను. నాకు దాన్ని గురించి ఏమీ తెలియదు. తెలియని వస్తువును కొనేటప్పుడు కొలతలు తీసుకొని పోవడం నా పద్ధతి. కాబట్టి ముందు చెయ్యి కొలవాలనుకున్నాను.

"గాజులు కొంటాను, చెయ్యి ఈ కాగితం మీద పెట్టు" అన్నాను.

"గాజులకు చెయ్యి గీస్తారా యాడన్నా? చెయ్యి పిండి చూస్తారు గాని!"

"నోరు మూసుకోని పెట్టు."

"గాజులు గుండ్రంగా ఉంటాయి టీచరమ్మా, నా వేళ్ళతో పనేమి?" అని నవ్వుతూనే కుడిచెయ్యి పెట్టింది. నేను పెన్సిల్‌తో చుట్టూ గీశాను.

ఎడమచెయ్యి కొంగు కింద ఉంది. ఆమె ఎప్పుడూ అట్లాగే కూర్చునేది. నాలుగేళ్ళప్పుడు ఆ చెయ్యి రొట్టెల పెనం మీద ఆనింది. చివరి రెండు వేళ్ళూ లోపలికి ముడుచుకొని అట్లాగే మానిపోయాయి. ఆ పొద్దు అమ్మ రొట్టెలు కాల్చి, పెనం ఇంకా పొయ్యి మీద ఉండగానే, చెల్లెల్ని నాకు అప్పజెప్పి కూలికి పోయింది. నేను గడప మీద కూర్చొని పలక మీద కూడికలు చేస్తున్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. హార్మోనియానికి కుడిచెయ్యి మెట్ల మీద నడిస్తే, ఎడమచెయ్యి వెనక గాలి కొడితే చాలు. అరచెయ్యి ఉంటే చాలిన పని అది. కాబట్టి ఆ వేళ్ళ సంగతి ఊరంతా మరిచిపోయింది. నేనూ మరిచిపోయానని అనుకున్నాను. మా ఇళ్ళల్లో ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడిచేత్తోనే. గాజులమ్మే ఆమె అడిగేదీ కుడిచెయ్యే. కొలత అంటే కుడిచేతి కొలతే. ఎడమచెయ్యి చూపించమని అడగాలని నాకు తోచలేదు.

ఆ శనివారం అనంతపురం పోయాను. పాతూరులో హార్మోనియాలు బాగుచేసే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. మా చర్చి హార్మోనియం కూడా ఆయన దగ్గరికే పోయేది. బెంగుళూరు నుంచి పాత గిటార్లు తెప్పించి, అతికించి అమ్ముతాడని విన్నాను. అంగట్లో మూడు ఉన్నాయి.

మొదటిది ఎర్రగా మెరుస్తూ ఉంది, పొట్ట మీద పూలు వేసి ఉన్నాయి. అరవై ఐదు రూపాయలు. నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. వేలు మడిచి, పొట్ట మీద అక్కడక్కడ కొట్టి విన్నాను.

సాయిబు పని ఆపి చూశాడు. "కడవ కొనేకి వచ్చినావా తల్లీ?"

"కడవైనా ఇదైనా బోలుదే కదా. పగులుంటే చెప్తాది."

"ఏం చెప్పినాది?"

"తీగలు కట్టినకాడ గొంతు పోయింది. పైన చెక్క ఉబ్బినట్టుండాది."

ఆయన వచ్చి అద్దాలు సరిచేసుకొని చూశాడు. "అల్లా! దాని పూలు చూసి ఇంతవరకు ఎవరూ కొట్టి చూడలా" అని దాన్ని లోపల పెట్టేశాడు.

రెండోది యాభై రెండు. కొడితే బాగానే పలికింది. కానీ బడిలో స్కేలు వంకర ఉందో లేదో చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడవునా చూస్తే, నడుమ విల్లులా వంగి ఉంది. తీగలకూ చెక్కకూ మధ్య నా పెన్సిల్ దూరింది.

"పెన్సిల్ దూరితే ఏమవుతాది?" అని అడిగాను.

"నొక్కేవాళ్ళకు వేళ్ళు తెగుతాయి. నువ్వు అడిగినావు కాబట్టి చెప్తాండా. అడగకుంటే అమ్ముదును."

మూడోది మట్టి రంగులో ఉంది. పూలూ మెరుపూ లేవు. వీపున అతికించిన గీత ఒకటి. తీగలు కిందకొసన ఒక ఇనపముక్కకు కట్టి ఉన్నాయి. కొట్టిన చోటల్లా ఒకే గొంతు. మెడ తిన్నగా ఉంది. పోస్టుకార్డు రెండు మడతలు పెడితే తీగల కింద దూరింది, పెన్సిల్ దూరలేదు. నలభై ఎనిమిది అన్నాడు. నేను నలభై అన్నాను. నలభై రెండు దగ్గర ఆగాం. నా జీతంలో సగానికి దగ్గర.

"మెడ ఆమె చేతికి సరిపోతుందా చూడండి" అని కాగితం చాపాను. ఆయన దాన్ని మెడ పక్కన పెట్టి చూసి తలెత్తాడు.

"ఇది కుడిచెయ్యి కదమ్మా. మెడ పట్టి నొక్కేది ఎడమచెయ్యి."

"రెండు చేతులూ ఒకటే కొలత ఉంటాయి కదా" అన్నాను.

ఎంత తొందరగా అన్నానో నాకు ఈనాటికీ గుర్తుంది. ఆయన అడిగినది సరైన ప్రశ్న. అక్కడే ఆగి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. పెనం, గడప, పలక అన్నీ అప్పుడే జ్ఞాపకం వచ్చి ఉండేవి. ఆ జ్ఞాపకం రాకుండా చూసుకోవడం పదహారేళ్ళుగా నాకు అలవాటై ఉంది.

"ఒకటేలే" అన్నాడు ఆయన. పాత దుప్పటి ముక్కలో గిటారు చుట్టి ఇచ్చాడు. "ఎండలో పెట్టద్దు. ఇది బెంగుళూరు గాలికి చేసిన వస్తువు. మన గాలికి నెల దినాల్లో నోరు తెరుస్తాది."

ఇంట్లో అందరి ముందూ దుప్పటి విప్పాను. నాయన, "ఎంత పెట్టినావే?" అని అడిగాడు. అమ్మ, "మూడు నెలల జొన్నలు వచ్చుండు" అన్నది. చెల్లెలు దాన్ని ఒళ్ళో పెట్టుకొని, కొంగు కింద నుంచి ఎడమచెయ్యి తీసి మెడ చుట్టూ పెట్టింది. మొదటి రెండు వేళ్ళూ తీగల మీద నిలిచాయి. తక్కిన రెండూ మెడ అంచుకు ఆని ఆగిపోయాయి. కుడిచేత్తో మీటింది. తీగలు జుమ్మని పాడైన శబ్దం చేశాయి. మళ్ళీ మీటింది. మళ్ళీ అదే.

"శానా బాగుండాదక్కా" అని నా వైపు చూసి నవ్వింది. దుప్పటి మళ్ళీ చుట్టి గోడకు ఆనించింది.

ఆ నవ్వును నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆదివారం, సోమవారం, మంగళవారం, మూడు రోజులు ఆ మూట గోడకు అట్లాగే ఉంది. దాన్ని తిరిగి ఇచ్చేస్తే సాయిబు ఎంత ఇస్తాడా అని ఆలోచిస్తూ తిరిగాను. ఆమె పోయే ముందు, ఆమెకు లేనిదాన్ని ఇంట్లోకి తెచ్చి ఎదురుగా నిలబెట్టాను.

బుధవారం మధ్యాహ్నం రేషను అంగడి నుంచి ఇంటికి వస్తే, లోపలి నుంచి శబ్దం వినిపించింది. జుమ్మనే శబ్దం కాదు. ఒకే దెబ్బ, మళ్ళీ మళ్ళీ, తప్పని తాళంలో. మంచం మీద చెల్లెలు గిటారును తలకిందులుగా తిప్పి పట్టుకొని ఉంది. కుడిచెయ్యి మెడ మీద. ఎడమచెయ్యి తీగల మీద పైకీ కిందికీ పోతూ ఉంది. ముడుచుకుపోయిన రెండు వేళ్ళూ కొక్కెంలా లోపలికి ఉన్నాయి, బొటనవేలు మీటుతోంది.

"చూడక్కా, ఈ చెయ్యికి తాళం వస్తాది! గాలి కొట్టి కొట్టి దీనికి అలవాటైంది. నేనేం నేర్పలా!"

తీగల వరుస తలకిందులై పాట కుదరలేదు. కానీ ఆ తాళం మాత్రం నేను ఎనిమిదేళ్ళుగా చర్చిలో విన్న తాళమే.

మరుసటి రోజు ఇద్దరం పాతూరు పోయాం. సాయిబు ముందు చెల్లెలు తానే ఎడమచెయ్యి చాపి చూపింది. ఆయన ఆ చేతిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

"పూలదాన్ని కొనుంటే చేసేకి ఏమీ లేకపోవును" అన్నాడు. "ఇది రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాది. తిప్పేద్దాం." తీగలన్నీ విప్పి వరుస మార్చాడు. మెడ కొసన తీగలు కూర్చునే ఎముకముక్కను ఊడదీసి, తిప్పి, ఆకురాయితో రుద్ది అతికించాడు. ఎనిమిదణాలు తీసుకున్నాడు. తర్వాత తన దగ్గరున్న గిటారు తీసుకొని ఆమెకు ఎదురుగా కూర్చొని, తీగలు నొక్కే పట్టులు మూడు చూపించాడు.

"నాకు వచ్చేదే ఈ మూడు. అద్దంలో చూసినట్టు చూడు, నీకే సులభం."

జూన్ పదహారు ఆదివారం చర్చిలో ఆమెకు వీడ్కోలు. గిటారుతో ఒక పాట పాడతానని చెల్లెలు ముందురోజు సంఘపెద్దను అడిగింది. ఆయన మా ఇంటికే వచ్చి, దాన్ని ఎట్లా పట్టుకుంటుందో చూపించమన్నాడు. చూపించింది.

"ఎడమచేత్తోనా? కానుక ఎడమచేత్తో వేస్తే పిల్లోల్లను కొడతామే, దేవుని పాట ఎడమచేత్తో వాయిస్తావా? హార్మోనియం వాయించి పోమ్మా, మర్యాదగా ఉంటాది."

"హార్మోనియమే వాయిద్దువులేమ్మే" అని అమ్మ గుసగుసలాడింది. నాయన బీడీ పారేసి నేలకేసి చూస్తున్నాడు. నేను ఏదో చెప్పబోయాను గానీ చెల్లెలు నన్ను ఆపింది.

"పెద్దాయనా, ఒక మాట అడుగుతా. ఎనిమిదేండ్లుగా మీ హార్మోనియంలో గాలి ఏ చెయ్యి కొట్టినాది అనుకుంటాండారు?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె కొంగు సర్దుకోలేదు, చెయ్యి దాచుకోలేదు. చివరికి ఆయన తువ్వాలు భుజాన వేసుకుంటూ, "ఒక్క పాటే" అన్నాడు. "ఆర్భాటం ఎక్కువ చేయొద్దు."

ఆదివారం ఆమె పాడిన పాటకు నాలుగు చరణాలు. రెండో చరణంలో ఒక పట్టు తప్పింది, ఆగి, మళ్ళీ అందుకుంది. ముందువరుసలో ఇద్దరు ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం చూశాను. మూడో చరణానికి వాళ్ళూ పాడారు. సంఘపెద్ద కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. అది ప్రార్థనో, చూడలేకో నాకు తెలియదు. తెలియనిది రాయను.

ఆరాధన అయ్యాక ఊరు విడిచి పోయేవాళ్ళకు అందరూ వరుసగా చెయ్యి కలిపి పోవడం మా చర్చిలో ఆనవాయితీ. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడింది. కుడిచేత్తో గిటారు మెడ పట్టుకొని ఉంది. కాబట్టి ఎడమచెయ్యి చాపింది. మొదట వచ్చిన ముసలామె తన కుడిచెయ్యి చాపి, ఎట్లా కలపాలో తెలియక తికమకపడి, చివరికి తన ఎడమచెయ్యే ఇచ్చింది. ఆమె వెనక వచ్చినవాళ్ళూ అట్లాగే చేశారు. సంఘపెద్ద మాత్రం చెయ్యి ఇవ్వలేదు, ఆమె తల మీద చెయ్యి పెట్టి పోయాడు.

నేను చివరిదాన్ని. నన్ను చూసి ఆమె గిటారును చంకలోకి మార్చి, కుడిచెయ్యి ఇవ్వబోయింది.

"అది కాదు" అన్నాను. "ఇది."

ఆమె ఎడమచేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. పెనం మీద ఆనిన పొద్దు తర్వాత ఆ చేతిని నేను పట్టుకోవడం అదే మొదటిసారి. ముడుచుకున్న వేళ్ళు గట్టిగా, వెచ్చగా ఉన్నాయి. బొటనవేలి పక్కన తీగ కోసుకొని సన్నటి ఎర్రగీత పడి ఉంది.

"కొబ్బరినూనె రాయి దీనికి" అన్నాను.

"వద్దంట. తోలు గట్టిపడి కాయ కాసేదాకా ఏమీ రాయద్దని చెప్పినాడు సాయిబు" అన్నది. "ఇంగ వదులక్కా, అందరూ చూస్తాండారు."

"చూడనీ" అన్నాను.