గాజుపలక మీద ఫ్రూంజె

బిష్కెక్‌లో అందరూ ఆకె, అంటే పెద్దాయన, అని పిలిచే తొకోంబాయ్ నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. చేతిపనుల ప్రదర్శనలో చోటు దొరికితేనే ఆయన దుకాణానికి గుర్తింపు. లేకుంటే ఖాళీ చేయిస్తారు. అందుకే ఏడు నెలలు కష్టపడి ఒక పాత వాల్వు రేడియోను బతికించాడు. వాల్వుల కోసం ఎక్కడో దూరాన ఉన్న ఓష్ నగరం దాకా వెళ్లాడు. స్టేషన్లు చూపే, ఊళ్ల పేర్లున్న గాజుపలకను మాత్రం తడిగుడ్డతో తాకలేదు. వెనకవైపు రంగుతో వేసిన ఆ అక్షరాలు నీటిచుక్కకే ఊడిపోతాయి.

ప్రదర్శనకు వస్తువులను ఎంపికచేసే కార్యాలయంలో రేడియో చక్కగా పలికింది. అధికారిణి కాలియా గాజు మీద వేలు పెట్టింది.

“ఇక్కడ ఫ్రూంజె అని పాత పేరు ఉంది, ఆకె. మన ఊరు బిష్కెక్ కదా. గీకేసి సరిగ్గా రాయించుకు రండి.”

“నా పుట్టిన కాగితంలోనూ ఫ్రూంజె అనే ఉంది తల్లీ. నన్నూ గీకుతావా?”

“వేళాకోళం వద్దు. పేరు మారి ఎన్నేళ్లయింది?”

“ఇది అంతకుముందే పుట్టింది మరి. దానికెవరూ చెప్పలేదు.”

ఆయన తరఫున మాట్లాడేందుకు వెంట వెళ్లిన నేను పేరు మార్చిన చట్టాన్ని ఆమె ముందుంచాను. అంతకుముందు తయారైన వస్తువులను చెరపమని అందులో ఒక్క వాక్యమూ లేదు. ఆమె చదవకుండానే పక్కకు నెట్టింది. పనివాడి నిజాయితీని లోపంగా లెక్కగట్టే అధికారం ఈమెకు ఎవరిచ్చారు?

“గీకితేనే అనుమతి ముద్ర,” అంది.

ఆకె స్విచ్చి ఆపి, వాల్వులు చల్లారాక రేడియోను దుప్పట్లో చుట్టాడు.

“దుకాణం పోతుంది ఆకె,” అన్నాను.

“పోనీ. దీన్ని పాడుచేసి, ఇంకొకరి రేడియో ఏ మొహంతో ముట్టుకోను?”

ఆయన వెళ్లిపోయాడు. తిరస్కరణకు కారణం రాసివ్వమని నేను కాలియాను అడిగాను. నోటితో అంత సులువుగా అన్న మాటను కాగితం మీద పెట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు. రాసిచ్చేదాకా కదలనన్నాను.